తోమిన నాణెం

ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం, దొంగ అనిపించుకోవడం. ఏడో తరగతితో బడి మానేసి, నాలుగిళ్లలో వంట చేసుకు బతికే మనిషికి మంచిపేరొక్కటే ఆస్తి. అది పోతే చంకలో పాపకు రేపటి పాలు కూడా ఉండవు. అందుకే మొన్న, తాను వంట చేసే రెండో అంతస్తు పెద్దమ్మ "పాపకి ఉంచవే" అంటూ కాగితం పొట్లంలో వెండి నాణెం చేతిలో పెట్టినప్పటినుంచి ఆమె మనసు మనసులో లేదు.

మామూలు బిళ్లయితే దాచుకోవచ్చు. ఖరీదైనదైతే తిరిగిచ్చేయాలి. సంగతేదో తేల్చుకుందామని నాణేల కొట్టుకు వచ్చింది.

కొట్టు పెద్దాయన నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని, దీపం కింద అటూ ఇటూ వంచి, భూతద్దంలోంచి చూశాడు.

"బొమ్మ జుట్టు పాయలు ఒక్కటీ అరగలేదు. చేతులు మారని సరుకు. మొదటి రకమే..." అంటూ వెనక్కి తిప్పాడు. మొహం మాడిపోయింది. "ఇటుపక్క ఇలా మెరుస్తోందేంటమ్మా?"

"నల్లగా ఉందని పళ్లపొడితో తోమాను బాబాయ్ గారూ. మురికిగా తెస్తే ఏం బాగుంటుందని..."

"కొంప ముంచావు! ఆ నలుపే దాని వయసు. నువ్వు గీకేసింది మురికి కాదు తల్లీ, సగం ధర. రెండో పక్క ఎలా వదిలేశావు?"

"పాప లేచి ఏడ్చిందండీ."

"నీకన్నా నీ కూతురే నయం. ఇప్పుడైనా నీ రెండు నెలల జీతం పలుకుతుందిలే."

ఆమె గబుక్కున అందుకుంది. "నేను తీయలేదండీ! ఆవిడే ఇచ్చింది, ఒట్టు!"

"కంగారుపడకు. దొంగసొత్తును తోమి మరీ ఎవడు తెస్తాడు? ఇంతకీ ఎవరావిడ?"

"గడియారాల షాపాయన భార్య. ఆయన పోయి రెండేళ్లయింది."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. "దీనికోసం ఆవిణ్ణి ఎన్నిసార్లు అడిగానో! 'నేను పోయాకే ఇది గడప దాటేది' అనేది. తన చేత్తో ఇచ్చేసిందా? ఇంకేమేం ఇచ్చేసింది?"

ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కుట్టుమిషను ఎదురింటికి. పూలకుండీలు కింది వాటాకు. నాణెం ఇచ్చిన రోజే, "ఇక వంటకు రావద్దులే" అన్న మాట. పని మాన్పిస్తోంది కదా, అందుకే ఇచ్చిందనుకుంది, పిచ్చిది! పోయేముందు అన్నీ పంచేస్తోందని తట్టనే లేదు.

వెంటనే పెద్దమ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

పెద్దాయన షట్టరు దించేలోపే ఆమె పాపను భుజాన వేసుకుని బస్సెక్కేసింది. ఆ ఇల్లు ఊరికి ఆ చివర, ముప్పావుగంట ప్రయాణం. కింది వాటావాళ్ల నంబరు ఆమె దగ్గర లేదు. తన ఫోనులో ఉన్న ప్రతివాళ్లకూ చేసి ఏడుస్తూ ఒకటే చెబుతోంది. మీకూ అదే మాట: పోస్టాఫీసు వెనక వీధి, ఆకుపచ్చ గేటు, రెండో అంతస్తు. దగ్గరలో ఉంటే ఒక్కసారి వెళ్లి చూడండి. తలుపు గట్టిగా కొట్టండి, పెద్దమ్మకు ఒక చెవి వినపడదు. పలక్కపోతే వెనక్కి మాత్రం రాకండి.