జాబితాలో రాని పదకొండు మంది

దీవుల దేశపు రాజధాని సువాలోని తెలుగువారి సంఘం ఆఫీసులో శోభన ఒక్కతే పనిచేసేది. ఒంటరి వృద్ధుల ఇళ్ళకు నెలకొకసారి కార్యకర్తలను పంపడం ఆ సంఘం ఆనవాయితీ. 2011లో పాత రిజిస్టరు పక్కన పెట్టి, వివరాలన్నీ ఆమె కంప్యూటరులోకి ఎక్కించింది. సభ్యులకు ఒక పట్టిక, వాళ్ళ పిల్లలకు ఇంకొక పట్టిక. వేరే ఊళ్ళో ఉంటున్న పిల్లలు గల వృద్ధులను చూపమని కంప్యూటరుకు క్వెరీ, అంటే ఒక ఆదేశం, రాసింది. నూట నలభై పేర్లు వచ్చాయి. కార్యకర్తలు ఆ జాబితా పట్టుకుని తిరగసాగారు.

జూన్‌లో అవతలి దీవిలోని డ్రెకేటి నుంచి ఫోను వచ్చింది.

“నేను మునియ్యని. నాలుగు మహీనా అయ్యె, ఎవురూ రాలే. నా పేరు కట్ చేసినారా బేటీ?”

తల్లి ద్రౌపది పోయిన ఈ మూడేళ్ళలో శోభనతో ఎవరూ తెలుగులో మాట్లాడలేదు. సంఘంలో కూడా అందరూ హిందీలోనే మాట్లాడేవారు.

“నై తాతా. చూస్తాను,” అంది. అంతకు మించి తెలుగు ఆమెకు దొరకలేదు.

సభ్యుల పట్టికలో మునియ్య ఉన్నాడు. వయసు డెబ్బై ఎనిమిది, భార్య తులసి చనిపోయింది. పిల్లల పట్టికలో మాత్రం ఆయన పేరిట ఒక్క వరుసా లేదు. శోభనకు అప్పుడు తెలిసింది. తను షరతు పెట్టింది పిల్లల ఊరి మీద. అసలు పిల్లలే లేనివాళ్ళకు సరిచూడటానికి ఏమీ లేక, వాళ్ళు చప్పుడు లేకుండా జారిపోయారు. అందరికన్నా ఒంటరివాళ్ళు వాళ్ళే.

రెండో పట్టికలో వరుసే లేనివాళ్ళను కూడా కలపమని క్వెరీ మార్చింది. ఇంకో పదకొండు పేర్లు వచ్చాయి. ఒక్కొక్కరికీ ఫోను చేసింది. వునిమోలి అనే ఊళ్ళోని నాగమ్మ ఏప్రిల్‌లోనే పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

“కంప్యూటర్ కే గల్తీ, తుమార్ నై,” తప్పు ఆమెది కాదని హిందీలో అన్నాడు కార్యదర్శి రామ్ నారాయణ.

“రాసింది నేనే కదా,” అంది శోభన.

ఆ శుక్రవారం ఆమె ఓడ ఎక్కి, బస్సు మారి, డ్రెకేటి వెళ్ళింది. మునియ్య చాప పరిచాడు, టీ కాచాడు. సాయంత్రం దాకా తులసి గురించి, వరి చేల గురించి తెలుగులో చెబుతూనే ఉన్నాడు. ఆమెకు సగమే అర్థమైంది. అయినా ఎక్కడా ఆయన్ని ఆపలేదు.

“నువ్వు భీ చెప్పు. నీ ఇంట్లో ఎవురున్నరు?”

“ఎవరూ లేరు, తాతా.” ఆ మాట ఆమెకు తెలుగులో తడుముకోకుండా వచ్చింది.

ముసలాయన ఆమె కప్పులో మళ్ళీ టీ పోశాడు.

తిరుగు ఓడలో, మునియ్య ముందు చెప్పలేకపోయిన తెలుగు వాక్యాలను ఆమె ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి అనుకుంది. పక్కన కూర్చున్న ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నావని హిందీలో అడిగింది.

“కోయి నై,” ఎవరూ లేరని హిందీలోనే అంది శోభన.