టచప్ చెయ్యని ఫొటో

ఆ వీధిలో ఏ పిల్లాడి ఫొటో చూసినా వాడు సినిమా పోస్టర్లోంచి ఊడిపడ్డట్టే ఉంటాడు. అంతా స్టూడియో అక్క చలవ! ఆవిడ చేతికి ఫొటో చిక్కిందంటే మచ్చ మాయం, చీమిడి ముక్కు మాయం, వంకర పన్ను కూడా బుద్ధిగా వరసలోకి వచ్చేస్తుంది. "అక్కా, ఇది నేనేనా?" అని ఎవరైనా నోరెళ్ళబెడితే అక్కకి ఆ పూట అన్నం అక్కర్లేదు, కడుపు నిండిపోతుంది.

అలాంటి అక్క దగ్గరికి స్కూలు టీచరమ్మ వచ్చి కూర్చుంది.

"పిల్లల భద్రత అని మీటింగ్ పెడితే ముందు వరస వాళ్ళు ఆవలిస్తున్నారు, వెనక వరస వాళ్ళు గురక పెడుతున్నారు. అందుకే ఈ ఆదివారం ఉత్తుత్తిగా ఒక పాప తప్పిపోతుంది. షాపులన్నిటికీ పోస్టర్ ఇస్తాం. వీధంతా కలిసి వెతకాలి. నిజంగా అలాంటిది జరిగితే ఏం చెయ్యాలో అప్పుడు గానీ బుర్రకెక్కదు."

"కనిపెట్టినవాళ్ళకి ఏమిస్తారు?"

"కేకు."

"అయితే వీధంతా వస్తుందిలెండి" అంది అక్క.

కాకపోతే పాపది ఎవరికీ తెలియని మొహం అయ్యుండాలి. దానికీ అక్క దగ్గర మనిషి రెడీ! తమ్ముడి కూతురు సెలవులకని ముందురోజే దిగింది. ఏడేళ్ళది, ఒక్కచోట నిలవదు కాబట్టి అందరూ తూనీగ అంటారు. "నేను తప్పిపోతా, నేను తప్పిపోతా" అని అది మంచం మీద గంతులే గంతులు. టీచరమ్మ దాన్ని కూర్చోబెట్టి మరీ చెప్పింది: బేకరీలో కిటికీ పక్కన కూర్చోవాలి, ఎవరు పిలిచినా వీధి దాటి వెళ్ళకూడదు, భయమేస్తే దగ్గర్లో ఉన్న షాపులోకి వెళ్ళి పెద్దవాళ్ళకి చెప్పాలి.

అక్క ఫొటో తీసింది. తీసి ఊరుకుంటే అక్క ఎందుకవుతుంది? కంప్యూటర్ ముందు కూర్చోగానే చెయ్యి దానంతటదే నడిచింది. ఊడిన ముందు పన్ను దగ్గర ఓ చక్కటి పన్ను మొలిచింది. సైకిల్ మీంచి పడి కనుబొమ్మ మీద తెగిన గీత పూడిపోయింది. ఎండకి కమిలిన బుగ్గలు నున్నగా మెరిశాయి, పిచ్చుక గూడులాంటి జుట్టు పట్టుకుచ్చయింది. ఫోన్లో చూసి మరదలు మురిసిపోయింది. "అబ్బ, మా పిల్లేనా వదినా! ఎంత కుదురుగా ఉందో!"

ఆదివారం వీధంతా తిరనాళ్ళలా ఉంది. టీచరమ్మ మైకులో చెప్తోంది, జనం పోస్టర్లు పట్టుకుని సందు సందూ తిరుగుతున్నారు. తూనీగేమో బేకరీ కిటికీ పక్కన కాళ్ళూపుకుంటూ బన్ను తింటోంది. ఒకావిడ సరాసరి దాని దగ్గరికే వచ్చింది.

"పాపా, ఈ అమ్మాయిని ఎక్కడైనా చూశావా?"

తూనీగ పోస్టర్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "లేదాంటీ" అంది. అబద్ధం కాదు పాపం, దానికీ తెలియలేదు!

కాసేపటికి అక్క ఎవరూ చూడకుండా బేకరీలోకి తొంగి చూసింది. కుర్చీ ఖాళీ.

"ఇప్పుడే ఇక్కడుందమ్మా" అన్నాడు బేకరీ ఆయన, చేతులకంటిన పిండి దులుపుకుంటూ. "బిస్కెట్లు తూచి ఇటు తిరిగేసరికి..."

అక్క షాపంతా గాలించింది. వెనక గదిలో లేదు, కౌంటర్ కింద లేదు. తమ్ముడికి ఏమని చెప్పాలి? పిల్లని నా చేతిలో పెట్టి వెళ్ళాడే! పరుగున వెళ్ళి టీచరమ్మకి చెప్పింది. ఆవిడ గబుక్కున మైకు అందుకుంది.

"అందరూ వినండి, ఇది ఆట కాదు, పాప నిజంగానే కనబడట్లేదు!"

"భలే నటిస్తోంది టీచరమ్మ!" అన్నారెవరో. చప్పట్లు కూడా కొట్టారు.

అక్క పోస్టర్ పట్టుకుని పరిగెత్తింది. మందుల షాపు, చెప్పుల షాపు, కూరగాయల బండి, ఎక్కడికెళ్ళి పోస్టర్ చూపించినా అడ్డంగా తలలూపడమే. చివరికి టైలర్ బాబాయ్ షాపులో పడింది.

"బాబాయ్, ఈ పిల్ల... ఈ పిల్ల వచ్చిందా?"

టైలర్ బాబాయ్ కళ్ళజోడు పైకి తోసి పోస్టర్ చూశాడు. "లేదమ్మాయ్. కేకు కోసం 'నేనే తప్పిపోయాను' అంటూ పొద్దున్నుంచీ పిల్లలు ఒకటే రాకడ! ఇందాక ఒకతి వచ్చింది. పోస్టర్ పక్కన నిలబెట్టి చూశా, పోలికే లేదు. 'అవతల తప్పిపోయిన పిల్లని వెతకలేక మేం చస్తుంటే నీ గోలేంటే, కూర్చో' అన్నా."

అక్క చేతిలో పోస్టర్ వంక చూసింది. నవ్వుతున్న ఆ బొమ్మ మొహంలో తూనీగ ఎక్కడా లేదు.

"బాబాయ్, ఆ వచ్చినదానికి ముందు పన్ను ఉందా?"

"ఎక్కడిది! మాట్లాడితే గాలి పోతోంది."

"కనుబొమ్మ మీద గీత?"

"ఆ, ఉంది. ఎడం వైపు."

"అదే బాబాయ్! అదే నా మేనకోడలు! ఎక్కడుంది?"

"ఆ ముక్క ముందే చెప్పద్దూ! లోపల గుండీలు ఏరుతోంది."

కర్టెన్ వెనక నేల మీద రంగురంగుల గుండీలు కుప్పలు పోసుకుని కూర్చుంది తూనీగ. "అత్తా, నన్నెవరూ కనిపెట్టట్లేదు, విసుగొచ్చి భయం కూడా వేసింది. టీచర్ చెప్పినట్టే షాపులోకొచ్చి చెప్పా. ఈ తాత నమ్మనే నమ్మలేదు!"

అక్క దాన్ని గట్టిగా వాటేసుకుని కాసేపు వదల్లేదు. టైలర్ బాబాయ్ తల గోక్కుంటూ "పిల్ల చెప్పింది వినకుండా కాగితాన్ని నమ్మాను, నా బుద్ధి తగలెయ్య" అన్నాడు. టీచరమ్మ వచ్చి తూనీగ చేతిలో కేకు పెట్టేసింది. తనని తను కనిపెట్టుకున్నది అదొక్కతే కదా!

తర్వాతి ఆదివారం స్టూడియో ముందు పెద్ద లైను. ఎప్పుడైనా అవసరమైతే గుర్తుపట్టేలా వీధిలో పిల్లలందరికీ కొత్త ఫొటోలు. అక్క తడిగుడ్డ పట్టుకుని కూర్చుని ఒక్కొక్కళ్ళ పౌడర్ తుడిచేస్తోంది.

"అక్కా, మావాడి చెవి దగ్గర పుట్టుమచ్చ కొంచెం తీసెయ్యవూ?" అని బతిమాలింది ఒకావిడ.

"తియ్యను. కావాలంటే ఇంకాస్త దగ్గరగా తీస్తా."

"మరీ ఇంత జిడ్డుమొహంతోనా?"

"రోజూ ఏ మొహంతో తిరుగుతాడో ఆ మొహమే కావాలి. అందంగా ఉన్నది పెళ్ళికి తీస్తాలే, పో!"

లైన్లో అందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వేసి కొడుకు తల దువ్వబోయిన దువ్వెన సంచీలో పడేసింది.

సాయంత్రం మళ్ళీ ఆట పెట్టారు, ఈసారి చెప్పుల షాపులో. పోస్టర్లో తూనీగ పన్ను లేని నోరు తెరిచి, జుట్టు చింపిరిగా, బుగ్గ మీద ఏదో అంటించుకుని ఉంది. అది ఇలా స్టూల్ ఎక్కి కూర్చుందో లేదో కూరగాయల బండాయన "ఇదిగో!" అని కేకేశాడు.

"అప్పుడేనా!" అని మూతి ముడిచింది తూనీగ. "అత్తా, నేనింకా సరిగ్గా తప్పిపోనే లేదు!"

"వద్దులే తల్లీ, ఇంతే చాలు" అంది అక్క, దాన్ని చంకకెత్తుకుంటూ.