తీరికగల మనిషి

అత్తగారి స్వెట్టరుకి గుండీలు పెడుతూ కోడలు ఒక చెవి వీధిలో పడేసి ఉంచింది. వ్యాను హారన్ వినపడితే గానీ ఆమె రోజు మొదలవదు. ప్రభుత్వం నడిపే పెద్దల డే కేర్ వాళ్ళ వ్యాను అది. పేటలో అందరూ దాన్ని ముసలిబడి అంటారు. పొద్దున్నే పెద్దవాళ్ళని ఎక్కించుకుపోయి సాయంత్రం దింపుతారు. ఆ ధైర్యంతోనే కోడలు పెద్దాసుపత్రి లాండ్రీలో ఇన్నేళ్ళు దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మొన్ననే సూపర్‌వైజర్ అయింది. సోమవారం నుంచి పగటి షిఫ్టంతా ఆమె మాట మీద నడవాలి.

ఆవేళ డ్రైవరు వ్యాను దిగి నెత్తి గోక్కున్నాడు.

"ఈ వారంతో సరమ్మా. ముసలిబడి మూసేస్తున్నారు. రాష్ట్రం దగ్గర డబ్బుల్లేవట."

"మరి వీళ్ళనెవరు చూస్తారు?"

"ప్రతి ఇంట్లోనూ పగలు తీరిగ్గా ఉండే ఆడవాళ్ళున్నారని సర్వేలో తేలిందట. శుక్రవారం మీటింగు పెట్టారు, అక్కడడగండి."

తీరిగ్గానా! ఎవరా మహాతల్లి అనుకుంటూ నాలుగడుగులు వేసిందో లేదో, ఆమెకి ఆ ఆదివారం గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. సర్వే పిల్ల తలుపు కొట్టినప్పుడు తను వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆ పేటలో ఎవరు తలుపు కొట్టినా ముందుకెళ్ళేది మగవాడే. "పెద్దావిడని చూసుకోడానికి పగలు ఇంట్లో ఎవరైనా తీరిగ్గా ఉంటారా అండీ?" అని ఆ పిల్ల అడిగితే, "ఎందుకుండరూ, మా ఆవిడ ఉందిగా!" అన్నాడు మొగుడు, అదేదో ఘనకార్యమైనట్టు. నూలుమిల్లు మూతపడ్డాక ఆయనగారు చేస్తున్నది సోఫాలో కూర్చుని పేపరు తిరగేయడం. పెళ్ళాం సంపాదన మీద ఇల్లు గడుస్తోందని పరాయి మనిషి ముందు ఒప్పుకోడానికి మాత్రం నోరు రాలేదు. పేటలో మగాళ్ళంతా ఆ మిల్లువాళ్ళే. వాళ్ళందరికీ పరువుంది, వాళ్ళందరికీ గుమ్మాలున్నాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో మగాడు నిలబడి ఇదే మాట చెప్పి ఉంటాడు. అప్పుడే చేతులు తుడుచుకుని బయటికొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు గదా అని తనని తనే తిట్టుకుంది. ఉద్యోగం మానేయమంటే మానేయడానికి అదేమన్నా సరదాకి చేస్తున్నదా? ఆ లాండ్రీలో ఆమెని పేరు పెట్టి పిలుస్తారు. ఇంట్లో "ఏమే" తప్ప ఇంకో పిలుపు విని ఎన్నాళ్ళయిందో.

శుక్రవారం మధ్యాహ్నం హాలంతా కిటకిటలాడింది. అధికారి మర్యాదస్తుడే. రాష్ట్రానికి వచ్చేది తగ్గింది, ఖర్చు పెరిగింది, పెద్ద వయసువాళ్ళు ఏటేటా ఎక్కువవుతున్నారు, ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదని ఓపిగ్గా చెప్పాడు. "అయినా ఈ పేటలో ఇబ్బంది ఉండదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక తీరికగల మనిషి ఉన్నారు."

ఆమె లేచింది. మొగుడు కొంగు పట్టి లాగినంత పని చేశాడు.

"కూర్చోవే, నలుగురిలో నా పరువు తీయకు!"

"మీ పరువు కాపాడుతూనే ఇక్కడిదాకా వచ్చాం," అని ఆమె మైకు అందుకుంది.

"అయ్యా, మీరంటున్న ఆ తీరికగల మనిషిని నేనే. మీ పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికేది నేను. అదిగో ఆ మూల కూర్చున్నావిడ అక్కడే వార్డులు తుడుస్తుంది. ఈ పక్కావిడ సిటీ బస్సు నడుపుతుంది. రేపట్నుంచి మేమంతా ఇంట్లో కూర్చుంటాం, సరేనా? ముసలిబడి డబ్బు మిగుల్తుంది. ఆసుపత్రి ఎలా నడుస్తుందో, మా ఇళ్ళు ఎలా గడుస్తాయో కూడా చెప్పి వెళ్ళండి."

"కానీ సర్వేలో..."

"సర్వేలో మమ్మల్నెవరడిగారు? మా ఆయన చెప్పాడు. మిల్లు పోయాక పగలంతా ఇంట్లో ఉండేది ఆయనే!"

హాలు గొల్లుమంది. వెనకనుంచి "మా ఇంట్లోనూ అంతేనండోయ్!" అని ఒకావిడ లేచింది, ఆ వెంటనే ఇంకొకావిడ. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, సర్వే మళ్ళీ చేయిస్తానని, ఈసారి ఆడవాళ్ళనే అడిగిస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. అది తేలేదాకా మాత్రం ముసలిబడి మూతే అన్నాడు.

దారంతా మొగుడు మొహం గంటు పెట్టుకునే నడిచాడు. ఇంటికొచ్చాక పేలాడు. "తృప్తిగా ఉందా? ఇప్పుడు అమ్మనెవరు చూస్తారు? నీ ఉద్యోగం గొప్పదైపోయిందా?"

"గొప్పదే," అంది ఆమె.

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమే అనుకోలేదు.

సోమవారం వ్యాను రాలేదు. ఆమె అత్తగారికి టిఫిన్ పెట్టి, మందులెక్కడున్నాయో మొగుడికి చూపించి, చెప్పులు వేసుకుంది.

"నాకివన్నీ చేతకావే," అన్నాడు అతను. ఈసారి గొంతులో కోపం లేదు, భయముంది. ఆమెకి జాలేసింది. జాలేసినా తలుపు తీసింది.

"నాకూ మొదట్లో చేతకాలేదు."

ఆమె మెట్లు దిగుతుండగా లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. వాడు పుట్టిన్నాటి నుంచీ కొడుకుని మంచినీళ్ళు కూడా అడగని మనిషి.

"ఒరేయ్, ఆ పేపరు అవతల పడెయ్. నన్ను బాత్రూముకి తీసుకెళ్ళు."