భుజం మీది చెయ్యి

పొద్దున్నే లాండ్రీ గేటు తీసేసరికి ఆమె బయట నిలబడి ఉండేది. గేటు బార్లా తెరిచినా లోపలికి అడుగు పెట్టేది కాదు. ఇస్త్రీ పిన్ని బాయిలర్ ముట్టించి, ఏప్రన్ కట్టుకుని, ఇటు తిరిగి "రా" అన్నాకే గడప దాటేది. తరవాత రోజంతా ఒకటే పాట. నీళ్లు తాగనా, ఈ మూట అటు పెట్టనా, బాత్రూమ్‌కి వెళ్లనా, ఇంక ఇంటికి వెళ్లనా. అందుకని లాండ్రీలో అందరూ ఆమెకి 'వెళ్లనా' అని పేరు పెట్టేశారు. ఆమె ఆ పేరుకి పలికేది కూడా. నచ్చిందో లేదో చెప్పాలంటే ముందు దానికి ఎవరిదో అనుమతి కావాలి కదా.

హోటళ్లవీ ఆసుపత్రులవీ దుప్పట్లు ఆ లాండ్రీకి వచ్చేవి. ఆరిన దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో వైపు కొసలు పట్టుకుని, లాగి దులిపి, దగ్గరికొచ్చి కొసలు కలిపి మళ్లీ వెనక్కి నడవాలి. వెళ్లనాకి ఎదురుగా ఇస్త్రీ పిన్నే నిలబడేది. మిగతావాళ్లకి అంత ఓపిక లేదు. ప్రతి మడతకీ ముందు ఆగి మొహంలోకి చూసే మనిషితో పని చేస్తే ఎవరికైనా తల ప్రాణం తోకకొస్తుంది.

వెళ్లనా కుడి భుజం మీద వాళ్లమ్మ చెయ్యి ఉండేది. మణికట్టు వరకే. అరిగిన గోళ్లు, వంకర తిరిగిన చిటికెన వేలు, వేళ్ల కణుపుల దగ్గర నలుపు. అక్కడ ఇంటి దగ్గర వాళ్లమ్మకి రెండు చేతులూ సక్రమంగానే ఉన్నాయి, ఇది వేరే. బస్సులో వెనక సీటువాళ్లు "చెయ్యి కాస్త అడ్డమమ్మా, కిటికీ వేసుకోవాలి" అనేవారు. డాక్టరు చూసి, చేతికి రక్తం బాగానే ఆడుతోంది, గోళ్లు మాత్రం పెరగనివ్వకు అన్నాడు. ఇస్త్రీ పిన్ని ఆమె యూనిఫాం చొక్కా కుడి భుజం కత్తిరించి, చెయ్యి బయటికి రావడానికి వీలుగా రెండు గుండీలు కుట్టిచ్చింది.

ఆ చెయ్యి ఎలా వచ్చిందంటే, వరస నుంచి వచ్చింది. ఊరి అవతల పెద్ద ప్రహరీ లోపల ఉండేవాళ్లు తమని తాము 'వరస' అనుకునేవారు. పొద్దునా సాయంత్రం ప్రార్థనకి హాల్లో ఒకరి వెనక ఒకరు నిలబడేవారు. ఒక్కొక్కరి కుడి చెయ్యి ముందున్న మనిషి భుజం మీద ఉండాలి. ముందున్న మనిషి మనసులో తప్పుడు ఆలోచన వస్తే భుజం చెబుతుందట. ప్రార్థన అయ్యాక వెనకున్నవాళ్లు దాన్ని పైకి చెప్పాలి. చెప్పకపోతే ఆ తప్పు వీళ్లది. అందరికంటే ముందు, ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యకుండా ఒక్కడే నిలబడేవాడు, ఆయన్ని ముందాయన అనేవారు. ఆయన "దించండి" అంటే చేతులు దిగేవి. అనకపోతే దిగేవి కావు. కొన్ని పూటలు ఆయన అనడం మర్చిపోయేవాడో, కావాలనే అనేవాడు కాదో, కాళ్లు వాచిపోయేదాకా నిలబడేవాళ్లు.

వెళ్లనా వెనక వాళ్లమ్మ. ముందు చెల్లెలు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే చోటు.

ఒక సాయంత్రం వరసలో వంటావిడ కూలిపోయింది. ఆవిడ వెనకున్నవాళ్ల చెయ్యి గాల్లో ఉండిపోయింది, ముందున్నవాళ్లు తల తిప్పలేదు. ఇంకా "దించండి" అనలేదు మరి. ఆవిడ కాళ్ల మధ్య పడి ఉంది, నోట్లోంచి ఏదో చప్పుడు వస్తోంది. ప్రార్థన సాగుతూనే ఉంది. వెళ్లనా చెల్లెలి భుజం మీంచి చెయ్యి తీసేసి ఆవిడ దగ్గరికి వెళ్లింది. తల ఒళ్లో పెట్టుకునేసరికే చప్పుడు ఆగిపోయింది. వెళ్లనా లేచి, నీళ్ల కోసం వెళ్తున్నట్టు వెళ్లి, నీళ్ల కుండ దాటి, తలుపు దాటి, గేటు దాటి రోడ్డెక్కింది. అప్పుడు చూసుకుంటే భుజం మీద అమ్మ చెయ్యి అలాగే ఉంది.

బయటికొచ్చాక అంతా బాగుపడిపోతుందని ఎవరైనా అనుకుంటే వాళ్లకేం తెలీదనుకోవాలి. ఎవరినీ అడక్కుండా చిన్న పని చేసినా ఆ చెయ్యి ఎముక మీద నొక్కేది. నొక్కితే ఊపిరి అందేది కాదు. చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది, ఇక్కడే ఇప్పుడే చచ్చిపోతానని నమ్మకంగా అనిపించేది. ఒకసారి కొట్లో సబ్బు కొనడానికి వెళ్లింది. ఎర్రదా, తెల్లదా అన్నాడు కొట్టువాడు. ఏది తీసుకోనండీ అంది. నాకేం తెలుసమ్మా, ఒళ్లు నీది అన్నాడు. కొట్టు మూసేదాకా అక్కడే నిలబడి, సబ్బు లేకుండా గదికి వచ్చి, తలుపు మూసుకుని ఏడ్చింది.

ఒకరోజు దుప్పటి కొస పట్టుకుని ఇస్త్రీ పిన్ని చెప్పేసింది. "ఇవాళ్టి నుంచీ నన్నేం అడక్కు. అడిగినా చెప్పను."

"మరి నీళ్లు తాగనా?"

పిన్ని దుప్పటి కొసలు లాగి దులిపింది.

ఆ రోజు వెళ్లనా నీళ్లు తాగలేదు. ఆవిరి యంత్రాల మధ్య ఆ ఉక్కలో సాయంత్రానికి కళ్లు తిరిగి మూటల మీద పడిపోయింది. అందరూ పిన్ని మీద లేచారు. "మనిషి చచ్చేట్టుంది. ఊ అంటే నీ సొమ్మేం పోయింది?"

"ఇవాళ నేను ఊ అంటాను. రేపు నేను లేకపోతే ఇంకెవడో అంటాడు. వాడేం చేయమంటే అది చేస్తుంది" అంది పిన్ని. ఆ మాట కఠినంగా ఉందని అందరికీ అనిపించింది. పిన్నికి కూడా అనిపించే ఉంటుంది, ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టె కింద ఒక దిండుగలీబు మాడ్చేసింది.

మర్నాడు వెళ్లనా అడక్కుండా సగం గ్లాసు తాగింది. చెయ్యి నొక్కింది. తాగినదంతా కక్కేసింది. ఆ తరవాతి రోజు మళ్లీ తాగింది, మళ్లీ కక్కింది. వానలు మొదలయ్యేసరికి కడుపులో నిలవడం నేర్చుకుంది. చెయ్యి నొక్కడం మానలేదు. నొక్కుతుండగానే తాగడం ఆమెకి అలవాటైంది. బాయిలర్ మెకానిక్ మాత్రం, ఈవిడ ఇలా తాగితే నా బాయిలర్‌కి మిగలవు అని నవ్వాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. మందపాటి శాలువా కప్పుకుని గేటు బయట నిలబడింది.

"లోపలికి రానా?"

ఇస్త్రీ పిన్ని తల పట్టుకుంది. "ఇంకొకత్తా! సరే, మొదటి రోజు కాబట్టి చెప్తున్నా. రా."

వెళ్లనా చెల్లెల్ని మడత బల్ల దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఎంత చిక్కిపోయిందో. 

"అమ్మ ఎలా ఉంది?"

"నిలబడుతోంది. నీ చోట్లో ఎవరినీ పెట్టలేదు అక్కా. అమ్మ రెండు పూటలా గాల్లో చెయ్యి చాపి నిలబడుతోంది. ఆనడానికి ఏమీ లేదు కదా, వణికిపోతుంది. ముందాయన ఈ మధ్య దించండి అనడం బాగా ఆలస్యం చేస్తున్నారు."

"నిన్ను ఆయనే పంపించాడా?"

"నిన్ను తీసుకురమ్మన్నారు. సాయంత్రం ప్రార్థనకల్లా."

ఆవిరి గది పక్కన కావడంతో చెల్లెలి మొహం నిండా చెమట. వెళ్లనా అలవాటుగా ఆమె శాలువా తీసి బల్ల మీద పెట్టింది. 

చెల్లెలి కుడి భుజం మీద కూడా ఒక చెయ్యి ఉంది. పైనుంచి బలంగా పట్టుకుని ఉంది. వేళ్లు దిగిన చోట చర్మం నల్లగా కమిలిపోయింది. చూపుడు వేలి గోరు మధ్యకి చీలి ఉంది. వెళ్లనా తన కుడి చెయ్యి ఎత్తి చూసుకుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి చీలిన గోరు. అదే గోరు.

"ఇది నాది" అంది.

"నీదే."

"ఆ రోజు నేను తీసేశాను. నాకు బాగా గుర్తు. తీసేసే వెళ్లాను."

"నువ్వు వెళ్లావు. ఇది వెళ్లలేదు" అంది చెల్లెలు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "నాకు కూడా వచ్చెయ్యాలని ఉండేది అక్కా. గేటు దాకా చాలాసార్లు వెళ్లాను. గేటు దగ్గరికెళ్తే నొక్కుతుంది. ఊపిరాడదు. వెనక్కి తిరిగితే వదులుతుంది. ఇవాళ ఆయన పంపారు కాబట్టి ఊరుకుంది."

వెళ్లనా ఇన్నాళ్లూ తన వెనకున్న చెయ్యి గురించే ఏడ్చింది. తన చెయ్యి ఎవరి మీద ఉండేదో ఒక్కనాడూ తలుచుకోలేదు. చెల్లెలు ప్రార్థనలో నవ్విందని చెప్పింది తనే. కిటికీలోంచి రోడ్డు చూస్తోందని చెప్పింది తనే. ఆ మాట చెప్పిన వారమంతా చెల్లెల్ని కట్టెల గదిలో పెట్టి గొళ్లెం వేశారు. బయటికొచ్చాక అది నవ్వడం మానేసింది. అది చూసి అమ్మ, మంచి పని చేశావని తన తల నిమిరింది. సిగ్గుతో ఆమెకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వచ్చెయ్ అక్కా" అంది చెల్లెలు. "నువ్వొచ్చి నీ చోట్లో నిలబడితే ఆయన దించండి అంటానన్నారు. నీ మీది అమ్మ చెయ్యి దిగిపోతుంది. నా మీది నీ చెయ్యీ దిగిపోతుంది. అమ్మకి ఆసరా దొరుకుతుంది. ఒక్క పూట నిలబడు చాలు."

ఒక్క పూట అంటే ఎంతో ఇద్దరికీ తెలుసు. అయినా వెళ్లనా లేచి సంచి తగిలించుకుంది. అమ్మ చెయ్యి వెంటనే వదులైంది. ఇన్ని నెలల్లో ఎన్నడూ లేనంత హాయిగా ఊపిరి లోపలికి వెళ్లింది, వెళ్లగానే ఆ హాయికి ఆమెకి భయమేసింది. ఇస్త్రీ పిన్ని వైపు తిరిగింది.

"పిన్నీ, వెళ్లనా?"

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లాండ్రీ అంతా చేతిలో పని వదిలేసి పిన్ని వంకే చూస్తోంది. పిన్ని గోడ వైపు తిరిగిపోయింది.

వెళ్లనా చాలాసేపు సంచితోనే నిలబడింది. తరవాత సంచి దించి చెల్లెలి వెనక్కి వెళ్లింది. వరసలో నిలబడినట్టే నిలబడింది. ఆ భుజం మీది చేతిపైన తన చెయ్యి పెట్టింది.

అమ్మ చెయ్యి ఒక్కసారిగా బిగిసింది. ఎముక విరిగిందేమో అనిపించింది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఆయన అనలేదు, ఇంకా అనలేదు, ఎవరూ అనలేదు అని తలలో హోరు. 

"నా చెయ్యి ఇది" అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నేను దించుతున్నాను."

ముందు చిటికెన వేలు లేచింది. తరవాత దాని పక్కది. చీలిన గోరున్న వేలు మాత్రం మొండికేసింది, దాన్ని లేపేటప్పుడు చెల్లెలు గట్టిగా మూలిగింది. మొత్తానికి ఊడి వచ్చింది. ఒక క్షణం వెళ్లనా చేతిలో వెచ్చగా ఉండి, చేతిలోకే కలిసిపోయింది. చెల్లెలి భుజం మీద అయిదు నల్లటి మచ్చలు మిగిలాయి. అవి పోయేవి కావు.

చెల్లెలు భుజం పైకెత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఇక్కడే ఉండు, నా గదిలో ఉండు, నాతో మడతలు పెట్టు అని వెళ్లనా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుంది. చెప్పలేదు. చేతులు రెండూ ఏప్రన్ జేబుల్లో కుక్కుకుని ఊరుకుంది.

చెల్లెలు కాసేపు చూసి, శాలువా అక్కడే వదిలేసి గేటు దాటింది. రోడ్డు అవతల వరస వైపు వెళ్లే బస్సు ఆగి ఉంది. దాన్ని వెళ్లనిచ్చింది. దాని వెనకే ఎదురు దిక్కుకి వెళ్లేది వచ్చింది. దాని మీద ఊరి పేరు చదివినట్టు కూడా లేదు, ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. తిరగమని వెళ్లనా పిలవలేదు. ఎక్కడికి పోతుందో, ఎక్కడ తింటుందో, మళ్లీ కనబడుతుందో లేదో ఆమెకి తెలియదు.

సాయంత్రమైంది. వరసలో ప్రార్థన మొదలయ్యే వేళ. అమ్మ ముందు ఇప్పుడు రెండు చోట్లు ఖాళీ. భుజం మీది చెయ్యి నొక్కుతుందేమోనని వెళ్లనా పళ్లు బిగబట్టి చూసింది. అది నొక్కలేదు. వణకడం మొదలుపెట్టింది, సన్నగా, ఆగకుండా. ముసలి చెయ్యి. ఎంతసేపని అలా గాల్లో నిలుస్తుంది.

వెళ్లనా మడత బల్ల పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి భుజం మీదికి పోనిచ్చి, ఆ మణికట్టు కింద ఆసరాగా పట్టుకుంది. లాండ్రీ ఖాళీ అయినా, పిన్ని వచ్చి తాళం వెయ్యాలన్నా లేవలేదు. అక్కడ వరసలో ఎవరో దించండి అనేదాకా, ఆ వణుకు ఆగేదాకా అలా పట్టుకునే ఉంది.