ఉడికిన పచ్చ

మిర్యాలగూడలో భిక్షమాచారి చేతికి నగ ఇస్తే బ్యాంకు లాకర్లో పెట్టినట్టేనని జనం అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతను మొహమాటపడ్డట్టు నటించేవాడు గానీ, లోపల మాత్రం మహా ఇష్టం. అలాంటి కంసాలి ఒక పచ్చరాయిని నాశనం చేశాడు. తెలియక చేస్తే అదొక దారి. బద్ధకం కొద్దీ చేశాడు.

ఉంగరం సుందరమ్మది. ఆమె భర్త కృపాకర్ పెద్దవూర బడిలో సారుగా చేసి నిరుడు పోయాడు. పెళ్లయిన చాలా ఏళ్లకు పట్నం వెళ్లి, "అసలు పచ్చ ఇది, నారుమడి రంగు నీ చేతికి బాగుంటది" అని ఆ పచ్చ ఉంగరం తెచ్చి తొడిగాడట. సుందరమ్మ అక్క సుజాత చూడగానే, "గాజుపెంకుకు బంగారం కట్టించిండు మీ సారు" అని నవ్వేసింది. అప్పటినుంచీ అక్కాచెల్లెళ్లకు ఆ రాయి మీదే తగువు. మా సారు అబద్ధం ఆడడన్నది సుందరమ్మ వాదన. ఆయన జ్ఞాపకార్థం చర్చివాళ్లతో పెట్టుకున్న ప్రార్థన కూటానికి పెట్టుకుందామని, జిడ్డు వదిలించి ఇమ్మని తెచ్చి ఆచారికి ఇచ్చింది.

ఆచారి భూతద్దం పెట్టి చూశాడు. అసలు పచ్చే. లోపల గడ్డిపోచల్లాంటి సన్నని చీలికలున్నాయి. నేలలో పుట్టిన పచ్చకు అవి మామూలే. బేరగాళ్లు వాటిలోకి నూనె పట్టిస్తారు, దాంతో చీలికలు కంటికి ఆనవు, రంగు నిండుగా తేలుతుంది. అందుకే పచ్చను మరిగే నీళ్లలో వేయకూడదు. రాయి ఊడదీసి, బంగారం ఒక్కదాన్నే కుంకుడురసంలో ఉడికించాలి. ఇదంతా ఆచారికి కొట్టినపిండి. కానీ ఆ పూట కొట్టు నిండా జనం. ఊడదీయడం, మళ్లీ బిగించడం, ఎవడు పడతాడా బాధ? ఒక్క మునక వేసి తీస్తే ఏమవుతుందిలే అని మిగతా నగలతోపాటు గిన్నెలో పడేసి, టీకొట్టు దగ్గర ముచ్చట్లలో పడ్డాడు. తిరిగొచ్చేసరికి గిన్నె కుతకుతా తెర్లుతోంది. తీసి చూస్తే నారుమడి ఎండి నెర్రెలు బారింది.

సుందరమ్మ వచ్చినప్పుడు చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆమె ఉంగరాన్ని వెలుతురుకు పట్టి తెల్లబోయింది.

"గిదేందన్నా, గిట్లయింది? మా అక్క అన్నట్టు ఇది గాజేనా?"

కొట్టులో ఇంకో నలుగురున్నారు.  వాళ్లవైపు ఓసారి చూసి ఆచారి అన్న మాట ఇదీ: "పాతబడితే కొన్ని రాళ్లు గిట్లనే అయితయ్ చెల్లె."

 ఆమె ఉంగరం కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆనాటినుంచీ ఆచారికి అదే ధ్యాస. రాయిదేముంది, ఎలాగో ఇంకొకటి తెచ్చి ఇవ్వొచ్చు. కానీ పోయిన మనిషి లేచొచ్చి, నేను అబద్ధం ఆడలేదని చెప్పుకోలేడు కదా! ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. కూటం రేపనగా కొట్టుకు తాళం వేసి పెద్దవూర బస్సెక్కాడు.

సుందరమ్మ ఇంట్లో సుజాత కూడా ఉంది, రేపటి వంటకు బియ్యం చెరుగుతోంది. ఆచారి లోపలికి వస్తూనే, కూర్చోకుండానే, జరిగిందంతా చెప్పేశాడు.

"అది అసలు పచ్చనే చెల్లె. గాజుకు లోపట గట్ల గడ్డిపోచల్లెక్క నెర్రెలుండయ్. అసలుది గాబట్టే ఖరాబైంది. తప్పు నాది. ఇటియ్యి, మళ్ల నూనె పట్టిస్త. జరంతన్న రంగొస్తది."

సుందరమ్మ కళ్లొత్తుకుంది.

"సూసినవా అక్కా? మా సారు పేరు పోవద్దని తన పేరు పోగొట్టుకుంటున్నడు. గిసుంటి మనిషి యాడ దొరుకుతడు?"

"ఒట్టు చెల్లె, నిజంగ..."

"వద్దన్నా. నూనె పూసి మెరిపిస్తే గాజు పచ్చయితదా? నా సంతోషానికని సారు ఒకపారి మెరిపించిండు. నువ్వు గూడ మెరిపియ్యకు."

ఎప్పుడూ ఎకసెక్కాలాడే సుజాత సైతం చేట పక్కన పెట్టి, కుర్చీ తెచ్చి వేసి, "కూసో అన్నా" అంది. ఇన్నేళ్లు మురిసిపోయిన మంచిపేరు ఇలా అడ్డం పడుతుందని ఆచారి కలలో కూడా అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నువ్వొచ్చి మంచిపని జేసినవ్. సారు మీద కోపం ఇయ్యాల పోయింది" అంటూ సుందరమ్మ తలమీద కొంగు కప్పుకుని మోకరించింది. పక్కనే సుజాత. ఆచారి ఏం చేయాలో తోచక చేతులు జోడించాడు.

"ప్రభువా, మా సారు నాతోని అబద్ధమాడిండు. నన్ను సంతోషపెట్టనీకే ఆడిండు. ఆయన్ను క్షమించు తండ్రీ..."

"ఆయన పేరు తియ్యకు!"

ఆచారి అరుపుకు అక్కాచెల్లెళ్లిద్దరూ అదిరిపడ్డారు. అతను వాళ్ల ముందు నేలమీద కూలబడ్డాడు.

"నా పేరు చెప్పు చెల్లె. భిక్షమాచారి బద్ధకానికి పచ్చను ఉడకబెట్టిండని చెప్పు. నువ్వు అడిగితే నలుగురిల ఇజ్జత్ పోతదని అబద్ధం చెప్పిండని చెప్పు. మీ సారు మంచోడు."

సుందరమ్మ అతని ముఖంలోకి చూసింది. ఈసారి నమ్మింది.

"మరి ఆ దినమే ఎందుకు చెప్పలేదన్నా?" అంది. "ఇంటికొచ్చి సారు ఫోటో అటు తిప్పి పెట్టిన. గప్పటిసంది ఆయన మొఖం సూడలే నేను."

ఆచారి తలెత్తాడు. గోడకున్న పటం వెనక అట్ట ఇటువైపు ఉంది. 

సుందరమ్మ లేచి వెళ్లి, పటాన్ని ఇటు తిప్పి, కొంగుతో అద్దం తుడిచింది. "తప్పయింది సారూ, నన్ను మన్నించు" అని ఆమె ఏడుస్తుంటే, ఆచారి కింద కూర్చుని వింటున్నాడు.