అరవై దాటిన ఆటగాడు కావాలి

ఎండ మా గడప దాటి లోపలికి వచ్చే వేళకు ఫర్హానా వచ్చింది. సెల్‌ఫోన్లలో ఆటలు ఎవరు ఆడుతున్నారు, ఎంతసేపు ఆడుతున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు అని అడిగి ట్యాబులో నింపడం ఆమె పని. మూడు రోజులుగా నల్గొండ నుంచి మోత్కూరుకు బస్సులో వచ్చిపోతోందట. గోడకు ఆనుకుని కూలబడింది.

"తాతా, మీ ఇంట్ల ఫోన్ల ఆటలాడేటోళ్లున్నరా? పోరగాళ్లు వద్దు, ఇంటికి ఇద్దరు దొరికిన్రు. అరవై దాటినోళ్లు ఒక్కరు తక్కువున్నరు. పొద్దుగూకేలోపు ఆ ఫారం పడకుంటే ఈ వారం నింపినయన్నీ వాపస్ పంపుతరు."

"ఒక్కరు గూడ దొరకలేదా?"

"అయిదు వాడలు తిరిగిన. అందరు నవ్విన్రు."

ఆమె ముఖం చూసి సాయం చేయాలనిపించింది. నాకు చేతనైన సాయం ఒక్కటే, కతలల్లి నవ్వించడం.

"రాస్కో బిడ్డా. కృష్ణయ్య, డెబ్బై ఒకటి. దినాం పదకొండు గంటలు ఆడుత."

"పదకొండా?"

"పోయిన ఎండకాలం ఇంకెక్కువ. ఫోను ఎంత గరమైందంటే మా బిక్షమ్మ దాని మీద జొన్నరొట్టె కాల్చింది. రెండో రొట్టెకు చార్జింగు అయిపోయింది."

"ఖర్చు?"

"ఒక పాడిబర్రె."

"బర్రె అంటే ట్యాబు తీసుకోదు తాతా, అంకె కావాలె."

"ఎనభై వేలు రాస్కో."

ఆటపట్టిస్తున్నానని ఆమెకు తెలుస్తుందనుకున్నాను. అంత అలసిపోయి ఉందని అనుకోలేదు. నవ్వకుండా అన్నీ వరుసగా నొక్కేసింది.

పది నిమిషాల్లో ఆమె పై అధికారి సతీశ్ ఫోన్ చేశాడు. ఎనభై వేలు చూసి అనుమానం వచ్చిందట. నాతోనే మాట్లాడతానన్నాడు.

"పెద్దాయనా, మీరాడే ఆట పేరేంది?"

"పులి ఆట."

"ఫోన్ల పులి ఆట ఎక్కడిది?"

"ఉంటది సారూ. పులికి మేక దొరకకుంటే ఫోను గుర్రుమంటది."

ఫారం రద్దు చేశాడు. ఇంకొకటి గిట్ల వస్తే రేపటి నుంచి రావద్దని ఫర్హానాతో అన్నాడు. ఆమె చున్నీతో ముఖం తుడుచుకుని, "జర నీళ్లుంటే ఇయ్యి తాతా" అంది. తిట్టినా బాగుండేది.

నీళ్లు నా భార్య బిక్షమ్మ తెచ్చింది, మోకాలు పట్టుకుని మెల్లగా. చెంబు ఇచ్చి, కొంగు చాటు నుంచి ఫోను తీసింది.

"నాది రాయి బిడ్డా. నాకు అరవై ఆరు. రంగు గోలీలు కలిపి పేల్చే ఆట. రెండు వేల నూట నలభయ్యో మెట్టు మీదున్న."

నలభై ఆరేళ్ల కాపురంలో ఒక్క మెట్టు గురించి కూడా నాతో అనలేదు.

"దినాం ఎంతసేపు అవ్వా?"

"పొద్దున గంట, పగటిపూట రెండు గంటలు. మోకాలు గుంజిన నాడు ఇంకజర."

"పైసలు పెడతవా?"

"ఒక్క పైస పెట్ట. పానాలు అయిపోతే సబ్బులు, బియ్యం బస్తాల బొమ్మలొస్తయి. అర నిమిషం వాటి దిక్కు మొకం పెట్టి కూసుంటే మల్లొక పానమిస్తరు."

"ఎందుకాడుతవని రాయాలె? కాలక్షేపమా, పోటీయా, బహుమతులా, ఇంకేమన్ననా?"

బిక్షమ్మ నా వైపు ఒకసారి చూసింది.

"గీయన కతలు మొదలువెడితే చెవులెట్లైన ఇంటయి. కండ్లకైన ఏదో పని గావాలె గదా. పెండ్లైన కాడికెల్లి ఇంటున్న బిడ్డా, అలసిపోయిన."

కోపంగా అనలేదు. దవాఖానలో డాక్టరుకు నొప్పి ఎక్కడుందో చూపించినట్టు అంది.

ఫర్హానా కాసేపు నా ముఖం చూసి, "ఇంకేమన్న" మీద నొక్కింది. ఈసారి సతీశ్ ఫోన్ చేసి అడిగినవాటికి బిక్షమ్మ తడుముకోకుండా చెప్పింది. ఫారం ఒప్పుకున్నారు. ఫర్హానా చెంబు అక్కడే పెట్టి, చెప్పులేసుకుని బస్టాండు వైపు పోయింది.

బిక్షమ్మ గోడకు చేరగిలబడి ఆట తెరిచింది. సతీశ్ మీద ఒక మంచి కథ నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, పక్కన కూర్చున్నాను.

"గా పచ్చ గోలీ ఎటు జరపాలె?"

"మాట్లాడకుంట చూడు" అంటూ ఫోను కొంచెం నా వైపు తిప్పింది.