మంచినీళ్లే పోయాలి

చంకలో పిల్ల, చేతిలో పరీక్ష గొట్టం. పొద్దున్నే పెరటి షెడ్డులో ఆమె పని ఇలాగే మొదలవుతుంది. తొట్టిలోంచి కాసిని నీళ్లు గొట్టంలోకి తీసుకుని, మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, మూతపెట్టి ఊపి అయిదు నిమిషాలు ఆగాలి. రంగు పసుపుగానే ఉంటే చేపలు హాయిగా ఉన్నట్టు. ఆకుపచ్చగా మారితే వాటి మలినమే వాటికి విషమవుతున్నట్టు. ఆ అయిదు నిమిషాల్లో పిల్లకి పాలు పట్టేయొచ్చు, వడపోత జల్లెడ ఒకటి కడిగేయొచ్చు, లోపల్నుంచి "కాఫీ ఏదీ?" అని కేక వస్తే స్టవ్ మీద గిన్నె పెట్టి రావొచ్చు. "చంటిదానికి జ్వరమొస్తే చెయ్యి పెట్టి చూస్తావు, చేపలకి మాత్రం ఏకంగా రక్తపరీక్షలు!" అని నవ్వుతాడు భర్త. ఆయన ఆమెకి పెట్టిన పేరు కంగారమ్మ.

కంగారు నిజమే. పిల్ల పాకడం మొదలుపెట్టిన రోజే నాలుగు తొట్లకీ తనే వలలు బిగించింది. మోటారు చప్పుడు కాస్త మారితే చాలు, చేతిలో గరిటె అక్కడే పడేసి పరుగెడుతుంది. ఉప్పునీళ్ల తొట్లలో పండుగొప్ప చేపలు, పక్కన ఉప్పునీళ్లలోనే బతికే మందపాటి ఆకుకూర మడులు. ఆ మడుల్లో మట్టి ఉండదు, గులకరాళ్లే. చేపల మలినంతో ఉన్న నీళ్లని మోటారు మడుల్లోకి ఎక్కిస్తుంది. రాళ్లకి పట్టిన సూక్ష్మజీవులు ఆ మలినాన్ని ఎరువుగా మారుస్తాయి, మొక్కలు తాగేస్తాయి, తేటబడ్డ నీళ్లు మళ్లీ తొట్లలోకి జారతాయి. ఇదంతా ఆమె చేపల పెంపకందార్ల సంఘం వాళ్లిచ్చిన పుస్తకాన్ని కూడబలుక్కుని చదివి నేర్చుకుంది. అమ్మ మంచాన పడ్డ ఏడాది తొమ్మిదో తరగతితో బడి మానేశాక, మళ్లీ మొదటినుంచి చివరిదాకా చదివిన పుస్తకం అదొక్కటే. యజమాని అన్నచోట సంఘం రిజిస్టరులో ఉన్నది మాత్రం భర్త పేరు. వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేసి సాయంత్రం వచ్చి, స్నేహితులకి "నా చేపలు, నా మడులు" అని చూపిస్తాడు. సంఘం మనిషి వచ్చి ఏదైనా అడిగితే ఆమె తలుపు వెనకనుంచి మెల్లగా చెప్పేది, ఆయన దాన్నే గట్టిగా చెప్పేవాడు. చాలా రోజులు ఆమెకి అందులో తప్పేమీ కనపడలేదు. పిల్లకి అన్నం కలిపి నోట్లో పెట్టడం లాంటిదే ఇదీ అనుకుంది.

ఆ మధ్య సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది. పన్నెండు రోజుల శిక్షణ, ఇంటికి ఒక్కరే. శిక్షణ పూర్తిచేసినవాళ్లకి చుట్టుపక్కల ముప్పై షెడ్లలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం, నెలజీతం. ఆ కాగితాన్ని మడతలు చిరిగేదాకా చదివింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నేను వెళ్లనా?" అని అడిగింది. "పిల్లనెవరు చూస్తారు? రెండు వీధులు దాటితే నీకే గుండె దడ. నేను వెళ్లొచ్చి నీకు చెప్తాలే," అన్నాడాయన. "చదువుకోవాల్సినప్పుడే చదవలేదు, ఇప్పుడేం చదువుతావే!" అంది అత్తగారు, పక్కనుంచి. ఆమె గిన్నెలు సర్దుకుని లేచింది. రెండుసార్లు అడిగే అలవాటు లేదు ఆమెకి.

అమ్మకి కంటి ఆపరేషన్ అయితే, పిల్లనెత్తుకుని ఎనిమిది రోజులు పుట్టింటికి వెళ్లక తప్పలేదు. ఎండలు మండిపోతున్నాయి. బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. "తొట్లలో నీళ్లు తగ్గుతాయి. గీత దాకా రోజూ మంచినీళ్లే పోయండి." "వెళ్లవే తల్లీ, బస్సు పోతుంది," అన్నాడాయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

తిరిగొచ్చిన రోజు చెప్పులైనా విడవకుండా షెడ్డులోకి వెళ్లింది. ఆకుల అంచులన్నీ మాడి, కాగితంలా ముడుచుకున్నాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆరు వెల్లకిలా తేలుతున్నాయి. ఉప్పు మీటరు ముంచి చూసింది. పదిహేను ఉండాల్సింది ఇరవై ఒకటి.

"ఏం నీళ్లు పోశారు?"

"ఉప్పునీళ్లే. సముద్రం నీళ్ల ట్యాంకులోంచి. ఉప్పునీళ్లు తగ్గితే ఉప్పునీళ్లు పోయాలి గానీ మంచినీళ్లు పోస్తారా ఎవరైనా? నువ్వేదో కంగారులో అన్నావనుకున్నాను."

"నేనే పొయ్యమన్నాను," అంది అత్తగారు. "సముద్రంలో ఎవరు పోస్తున్నారే మంచినీళ్లు?"

"వానలు పోస్తున్నాయి అత్తయ్యా, నదులు పోస్తున్నాయి. ఎండకి పోయేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. కూర మరిగి ఉప్పెక్కితే మీరేం పోస్తారు, ఇంకాస్త ఉప్పా?"

వంటింటి సంగతిలో కోడలికి అడ్డు చెప్పలేకపోవడం అత్తగారికి అదే మొదటిసారి.

భర్త పైపు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మధ్యాహ్నం సంఘం సూపర్‌వైజర్ వస్తాడు. నీళ్లన్నీ తోడేసి ఒక్క గంటలో మంచినీళ్లు కొట్టేద్దాం." ఆమె పైపు మెడ మడిచి పట్టుకుంది. "ఒక్కసారిగా పోస్తే ఉన్నవీ పోతాయి. రోజుకొక్క అంకె చొప్పున దించాలి. వారం పడుతుంది."

"అంతదాకా నేనాయనకేం చెప్పాలి?"

ఆమె పిల్లని అత్తగారి ఒళ్లో పెట్టి, చచ్చిన చేపలు తీసేసి, మేత ఆపేసి, గాలిపంపు ఇంకొకటి పెట్టి, ఒక్క బకెట్ తోడి ఒక్క బకెట్ మంచినీళ్లు సన్నధారగా వదిలింది.

సూపర్‌వైజర్ వచ్చాడు. ఎండన పడి వచ్చిన మనిషి, చెమట తుడుచుకుంటూ రిజిస్టరు తెరిచాడు. "ఏమైందండీ ఇలా?" భర్త తలుపు వైపు చూశాడు. ఎప్పటిలాగే ఆమె అక్కడే ఉంది. ఎప్పటిలాగే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆయనే అనేశాడు.

"మా ఆవిడ పుట్టింటికెళ్లి కూర్చుంది సార్. అందుకే ఇలా అయ్యింది."

ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. వస్తుందనుకుంది, రాలేదు. పొగమంచు విడిపోయాక దారి కనపడ్డట్టు మనసు తేలికైంది. ఇన్నాళ్లూ చేపలు పెరిగినప్పుడు రిజిస్టరులో ఆయన పేరు చాలింది. చచ్చిన రోజున తన అవసరం పడింది. అంటే ఈ షెడ్డు ఎవరి చేతుల మీద నడుస్తోందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు, తనకి తెలిసినంత బాగా తెలుసు. తెలియనట్టు ఉండడమే ఇన్నాళ్లూ అందరి పనీ. తన పని కూడా.

ఆమె తలుపు వెనకనుంచి బయటికొచ్చింది.

"ఎనిమిది రోజులు నేను లేకపోతే ఇలా అయ్యింది సార్. అంటే మిగతా రోజులన్నీ నేనే చూస్తున్నట్టు. ఆ శిక్షణకి నా పేరు రాయండి."

"తనకా సార్! తొమ్మిదే చదివింది. పైగా పరమ పిరికిది," అని నవ్వబోయాడు భర్త.

"చదువెంతో మేము అడగలేదే," అన్నాడు సూపర్‌వైజర్, పెద్దగా పట్టించుకోకుండానే. ఆయనకింకా నాలుగు షెడ్లు చూడాల్సినవి ఉన్నాయి. "ఇంటికి ఒక్కరే. పేరు చెప్పండమ్మా, త్వరగా."

ఆమె చెప్పింది. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు.

"పన్నెండు రోజులా! చంటిదాన్ని చూడ్డం నావల్ల కాదు బాబూ, నా నడుము సంగతి తెలుసుగా," అంది అత్తగారు. భర్త పిల్ల వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అదేం తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో నాకేం తెలుసు?"

ఆమెకి భయమేసింది. పిల్ల ఏడుస్తుందేమో, గొంతులో ఏదైనా అడ్డుపడుతుందేమో, వల ముడి ఊడుతుందేమో. ఆ భయం పోయేది కాదని, దాన్ని వెంటబెట్టుకునే బస్సెక్కాలని అప్పుడే అనుకుంది.

"నీళ్ల సంగతి కాగితం మీద రాసిపెట్టి వెళ్తాను," అంది భర్తతో. "పిల్ల సంగతి మాత్రం రాయను. శిక్షణకింకా పదిరోజులుంది, దగ్గరుండి నేర్చుకోండి."